గుప్పెట్లో ఇనుము

గురునాథరావుకి ఆటోనగర్‌లో ఓ రేకుల షెడ్డు ఉంది. అందులో జరిగే పనల్లా తుప్పు వదిలించడం. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇంతకంటే ఢోకా లేని పని ఇంకోటి ఉండదని అతని నమ్మకం. గేట్లు, మేడమెట్ల రెయిలింగులు, ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే బోట్ల సామాన్లు, ఏదైనా సరే గ్రైండరుకి వైరు బ్రష్షు తగిలించి మెరిసేదాకా గీకి, వెంటనే తుప్పు పట్టనివ్వని రెడాక్సైడ్ పూత కొట్టి ఆరబెడతాడు. ఆ వెంటనే అన్నదే ముఖ్యం. గీకిన ఇనుమును ఒక్క పూట వట్టిగా వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. "ఇనుం గీకినాక పచ్చి బాలింతరాలు లాంటిదిరా, గాలి తగలనీకూడదు" అని పనివాళ్ల మీద విసుక్కుంటూ ఉంటాడు.

పగలంతా గ్రైండరు పట్టుకున్న చేతులు సాయంత్రానికి తిమ్మిరెక్కుతాయి. ఇంటికెళ్లి టీ గ్లాసు అందుకుంటే వేడి తెలియదు. కాసేపటికి తెలుస్తుంది. పోయిన కార్తీకం నుంచి ఆ తిమ్మిరి చేతులు దాటి మనిషంతా పాకింది. కాసేపు ఆగినా తగ్గడం లేదు.

గాజువాకలో వాళ్ల సందులో అతనికి పేరొచ్చింది మాత్రం తుప్పు వల్ల కాదు, తాళాల వల్ల. తాళాల గురునాథం అంటే పక్క సందువాళ్లు కూడా ఇల్లు చూపించేవారు. ఎవరికి ఫిట్స్ వచ్చినా ముందు అతనికే కబురు. చేస్తున్న పని ఆపి, అన్నం ముందు కూర్చుంటే చెయ్యి కడిగేసుకుని, పరుగున వెళ్లి నడుముకున్న తాళాల గుత్తి తీసి పడినవాళ్ల గుప్పెట్లో పెట్టేవాడు. కొట్టుకుంటున్న కాళ్లూ చేతులూ నిమ్మళించేవి. జనం అమ్మయ్య అనుకునేవారు. అతను తాళాలు తీసుకుని, చెమట తుడుచుకుని, ఎవరైనా టీ ఇస్తే తాగి వచ్చేసేవాడు. డాక్టరు చదువు చదవకుండానే దక్కిన ఆ మర్యాద మీద అతనికి కాస్త మోజు కూడా ఉండేది. ఉండదా మరి? ఎవరికైనా ఉంటుంది.

అదంతా మొదలైంది భార్య రోజారమణితో. ఆమె అతనికి మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ ఫిట్స్ ఉన్నాయని అందరికీ తెలుసు, ఎవరూ దాచలేదు. తెలిసే చేసుకున్నాడు, ఇష్టపడి చేసుకున్నాడు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ తగరపువలస సంతకి వెళ్లారు. గాజుల బేరం చేస్తూ చేస్తూ ఆమె వెనక్కి విరుచుకు పడిపోయింది. అతను ఆమెను అలా చూడటం అదే మొదలు, ఏం చెయ్యాలో తెలియక పక్కన కూలబడ్డాడు. చుట్టూ మూగిన జనంలో ఎవరో ముసలాయన "ఇనుం ఎట్టండ్రా సేతిలో" అని కేకేశాడు. అతని జేబులో షెడ్డు తాళంచెవి ఉంది. పొడుగాటి పాతకాలపు ఇనప తాళంచెవి. అది ఆమె గుప్పెట్లో కుక్కాడు. కాసేపటికి ఆమె కదలిక ఆగింది, ఇంకాసేపటికి కళ్లు తెరిచింది.

"సీకట్లోంచి ఎవులో సెయ్యట్టుకుని లాగినట్టుంది బావా. సూత్తే నీ తాళంసెవి" అంది.

ఆ మాటకి గురునాథరావు పొంగిపోయాడు. అప్పటిదాకా మొగుడు, ఆ రోజు నుంచి రక్షకుడు. కూతురు జ్యోతిర్మయి పుట్టింది, పెరిగింది, చదువుకుంది. రోజారమణికి ఫిట్స్ వస్తూనే ఉన్నాయి, మాత్రలు వేసుకుంటూనే ఉంది, వచ్చిన ప్రతిసారీ తాళంచెవి గుప్పెట్లో పడుతూనే ఉంది, ఆగుతూనే ఉంది. ఆమె కళ్లు తెరిచి ముందు గుప్పెట చూసుకునేది. తరవాత మొగుణ్ని చూసి నవ్వేది. ఆ నవ్వు కోసమే అతను తాళాలు మోసేవాడంటే అబద్ధం కాదు.

మధ్యలో ఓ డాక్టరు, ఎప్పుడైనా ఫిట్స్ ఆగకుండా సాగితే ముక్కులో కొట్టమని ఒక స్ప్రే రాసిచ్చాడు. ఎలా కొట్టాలో చూపించాడు కూడా. గురునాథరావు బుద్ధిగా తలూపి, కొనుక్కొచ్చి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి అటక మీదకి తోశాడు. పళ్లు బిగించుకుని కొట్టుకుంటున్న మనిషి ముక్కులో మందు కొడితే ఊపిరి ఆగిపోదూ అని అతని అనుమానం. అడిగితే డాక్టరు చెప్పేవాడే. అడగలేదు. తాళం ఉండగా ఆ అవసరం రాదనుకున్నాడు.

పోయిన వేసవిలో జ్యోతిర్మయి పెళ్లి చేశారు. రోజారమణి అరిటాకు పచ్చ చీర కట్టుకుని, అలిసిపోయి, అందరి మీదా అరిచి, అప్పగింతల్లో ఏడ్చి, మొత్తానికి సంతోషంగా గడిపింది. పెళ్లి అయ్యాక షెడ్డు తాళం తుప్పు పట్టి తిరగడం మానేసింది. తుప్పు వదిలించేవాడి తాళానికే తుప్పా అని పక్క షెడ్డువాళ్లు ఏడిపిస్తే, అతను కొత్త తాళం కొన్నాడు. పాత తాళంచెవి పారెయ్యడానికి మనసొప్పక అదే బిస్కెట్ల డబ్బాలో పడేశాడు.

కార్తీక సోమవారం వచ్చింది. రోజారమణి ఉపవాసం ఉంది. ఏమీ తినకుండా మాత్రలు వేసుకోకూడదని పొద్దున్నవి మానేసింది. "ఒక్క పూటకేటవుతాది బావా" అంది. అతనూ ఏమవుతుందిలే అనుకున్నాడు. సాయంత్రం తులసికోట దగ్గర దీపాలు వెలిగిస్తూ పడిపోయింది. అతను ఇంట్లోనే ఉన్నాడు. పరుగున వచ్చి, దీపాలు పక్కకి నెట్టి, తాళాల గుత్తి ఆమె గుప్పెట్లో పెట్టాడు.

ఆగలేదు.

సందులో వాళ్లంతా వచ్చారు. ఎదురింటి సన్యాసమ్మ కత్తిపీట తెచ్చి ఆమె పక్కన పెట్టింది. ఎవరో గునపం తెచ్చారు. ఆగలేదు. అప్పుడు గురునాథరావుకి ఒక ఆలోచన తట్టింది. అతని బతుకంతా ఇనుముతోనే కదా, ఆ ఆలోచన అతనికి తప్ప ఇంకొకరికి రాదు. కొత్త తాళంచెవులు ఇనుము కావు. ఇత్తడి మీద తెల్ల పాలిషు. అందుకే పనిచెయ్యడం లేదు. పాతదైతే అసలు ఇనుము.

స్టూలు వేసుకుని అటక ఎక్కాడు. సామాన్లు అటూ ఇటూ తోసి డబ్బా వెతికి పట్టుకున్నాడు, మూత తీశాడు. పైన స్ప్రే పెట్టె ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి, అడుగున చెయ్యి పెట్టి వెతికి తాళంచెవి తీసుకుని దిగాడు.

స్ప్రేని తీసి పక్కన పెట్టాడు. తన చేత్తో తనే. కొత్త తాళాలు లాగేసి ఆ పాతది పెట్టాడు, వేళ్లు దాని చుట్టూ మూసి తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుంది అని ఎదురుచూశాడు. ఆమె పెదాలు నల్లబడ్డాయి. ఒకసారి కాస్త సడలినట్టయి, తెలివి రాకుండానే మళ్లీ మొదలైంది. చివరికి ఆటో తవిటయ్య వచ్చి జనాన్ని తోసుకుని, "ఇనుం లేదు గినుం లేదు, ముందు లెగు బావా, ఎక్కించు" అని గదమాయిస్తే అప్పుడు కదిలాడు. ఆసుపత్రిలో సూది మందులిచ్చాక ఆగింది. అప్పటికే ఆమె మతిలోంచి చెరిగిపోయినవాటిని మాత్రం ఎవరూ వెనక్కి తేలేకపోయారు.

రోజారమణి బతికింది. కళ్లు తెరిచి మొగుణ్ని గుర్తుపట్టింది, మంచినీళ్లడిగింది. గురునాథరావు గుళ్లన్నిటికీ మొక్కేసుకున్నాడు. అప్పుడే ఆమె, "జ్యోతికి కాలేజీ వదిలీసుంటారు, ఇంట్లో అన్నం ఉందా?" అంది.

డాక్టరు హేమశ్రీ అతన్ని తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. వయసు తక్కువే గానీ తొందర లేని మనిషి.

"ఫిట్స్ వచ్చినప్పుడు మెదడు కణాలు ఆగకుండా పనిచేస్తాయండీ. పనికి శక్తి కావాలి కదా. ప్రతి కణంలోనూ చిన్న చిన్న పొయ్యిల్లాంటివి ఉంటాయి, అవి ఆక్సిజన్ వాడుకుని శక్తి తయారుచేస్తాయి. మామూలప్పుడు కూడా ఆ పొయ్యిల్లోంచి కాస్త చెడ్డ ఆక్సిజన్ బయటికి చిమ్ముతుంది. దాన్ని విరిచెయ్యడానికి కణం తన దగ్గర కొంత సరుకు పెట్టుకుంటుంది. ఫిట్స్ తొందరగా ఆగిపోతే ఆ సరుకు సరిపోతుంది. ఆగకపోతే పొయ్యిలు అదుపు తప్పుతాయి, సరుకు అయిపోతుంది. ఇక ఆ చెడ్డ ఆక్సిజన్ కణం గోడల్లో ఉన్న కొవ్వుని, లోపలి సామానుని పట్టి తినేస్తుంది. ఫిట్స్ ఆగిన తరవాత కూడా కొన్ని రోజులు తింటుంది. జ్ఞాపకాలు తయారయ్యే చోటు చాలా సున్నితం. దెబ్బ ముందు దానికే."

"తుప్పు" అన్నాడు గురునాథరావు.

ఆమె కాస్త ఆలోచించింది. "ఇనుమూ మెదడూ ఒకటి కాదు. ఇదొక్కటే కారణమనీ చెప్పను. కానీ ఆక్సిజన్ చేసే చెరుపు మాత్రం తుప్పు జాతిదే. మేం ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. ఇనుముకి నెలలు పడుతుంది, దీనికి అంత అక్కర్లేదు."

"దీనికి రెడాక్సైడ్ లాంటి పూత ఏటీ నేదాండీ?"

"ఎలుకల మీద పరీక్షలు చేస్తున్నారు. మనుషులకి పనిచేస్తుందని ఇంకా తేలలేదు. ఇప్పటికైతే ఫిట్స్‌ని తొందరగా ఆపడమే మందు."

తుప్పు తిన్న రేకును ఎంత గీకినా, ఎంత రంగు కొట్టినా, తిన్న మేర తిరిగి రాదని అతనికి ఒకరు చెప్పాలా? ఆ సంగతి అడగలేదు. ఇంకొకటి అడిగాడు.

"ఇన్నేళ్లూ తాళాలు ఎడితే ఆగిందండీ."

"పెట్టకపోయినా ఆగేదే" అంది డాక్టరు మెల్లగా. "చాలామందికి ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. మీరు వచ్చి తాళం చేతిలో పెట్టేసరికి అది ఆగే వేళ అవుతుంది."

సందులో మర్యాద, తాగిన టీలు, తగరపువలస సంతలో ఆమె అన్న మాట, కళ్లు తెరిచి నవ్విన నవ్వులు, అన్నీ ఆ ఒక్క ముక్కతో కూలిపోయాయి. ఇన్నేళ్లలో అతను ఆమెకి చేసింది ఏమీ లేదు. చెయ్యవలసిన ఒక్కరోజున, చెయ్యగలిగినదాన్ని తీసి పక్కన పెట్టాడు. అతనికి ఏడుపు రావాలి. రాలేదు. కోపమైనా రావాలి. అదీ రాలేదు.

వెళ్లేముందు డాక్టరు గట్టిగా చెప్పింది. "ఇంకోసారి ఇలా ఆగకుండా సాగితే ఇప్పుడు మిగిలిందీ మిగలదు. మిమ్మల్ని కూడా గుర్తుపట్టకపోవచ్చు. మామూలుగా అయిదు నిమిషాలు చూడమంటాం. మీ ఆవిడ విషయంలో అంత ఆగొద్దు. గడియారం చూడండి, రెండు నిమిషాలు దాటగానే స్ప్రే కొట్టండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు."

"సేతిలో?"

"చేతిలో పెట్టినా పెట్టకపోయినా ఒకటే. టైము పోకూడదు, అంతే."

ఇంటికొచ్చాక అతను తాళాల గుత్తి నడుముకి కట్టుకోవడం మానేశాడు. షెడ్డు తాళం పనివాళ్లకే అప్పగించాడు. పాత తాళంచెవిని మళ్లీ అదే డబ్బాలో పడేశాడు. స్ప్రే మాత్రం చొక్కా జేబులో ఉంటుంది. స్నానానికి వెళ్తే గుమ్మం పక్కన కిటికీలో పెట్టి వెళతాడు. ఎవరికైనా ఫిట్స్ వచ్చి కబురొస్తే, "నాను రాను. పక్కకి తిప్పి ఒగ్గీండి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి ఎత్తుకుపొండి" అని గుమ్మంలోంచే చెప్పేవాడు. గురునాథానికి పొగరెక్కిందని సందులో అనుకున్నారు. అనుకోనీ అనుకున్నాడు.

సన్యాసమ్మ ఉసిరికాయలు తినిపించమంది, మెదడుకి బలమట. బస్తాడు తెచ్చాడు. పచ్చడి పెట్టించాడు, తేనెలో వేశాడు, ఉత్తవి కొరకమన్నాడు. రోజారమణి పుల్లగా మొహం పెట్టి తినేది, గంట తరవాత "ఉసిరికాయలెవులు తెచ్చేరు?" అని ఆశ్చర్యపోయేది. డాక్టరుని అడిగితే, తినండి మంచివే, చచ్చిపోయిన కణాలు మాత్రం వాటితో తిరిగి రావు అంది.

పాత సంగతులన్నీ ఆమెకి చక్కగా ఉన్నాయి. చిన్నప్పుడు చెరుకు తోటలో పాము కనబడటం, పెళ్లిలో ఆడబడుచు అలగడం, జ్యోతి మొదటి అడుగు. వంకాయ కూరలో ఏం వెయ్యాలో కూడా గుర్తే. ఈమధ్య రెండు మూడేళ్లు లేవు. కొత్తవి నిలవవు. మొదట్లో జ్యోతిర్మయి అత్తారింటి నుంచి వచ్చి పెళ్లి ఆల్బం చూపించింది. రోజారమణి తిప్పి తిప్పి చూసి, "ఈ పచ్చసీర ఆవిడ నాలాగే ఉందే" అంది. పిల్ల వంటింట్లోకి వెళ్లి కొళాయి విప్పుకుని ఏడ్చింది. గురునాథరావు ఆల్బం మూసి బీరువాలో పెట్టాడు. అతనిలో ఏమీ కదలలేదు.

రోజూ సాయంత్రం ఆమె గుమ్మంలో నిలబడి అడుగుతుంది.

"జ్యోతి రాలేదేటి బావా ఇంకా?"

మొదట్లో నిజం చెప్పేవాడు. పెళ్లయింది, నువ్వే చేశావు అని. ఆమె బిత్తరపోయి, తన కూతురి పెళ్లి తను చూడలేదని కుమిలిపోయేది. మర్నాడు సాయంత్రం మళ్లీ అదే, మళ్లీ కొత్తగా అంత ఏడుపూ. అందుకని ఇప్పుడు "వత్తాదిలే" అంటాడు. ఆమె నెమ్మదిగా లోపలికి వెళ్లిపోతుంది. ఇది అబద్ధమా, దయా అని అతను తర్కించుకోడు. అన్నం వడ్డించుకుంటాడు, తింటాడు, కంచం కడుగుతాడు. షెడ్డులో గ్రైండరు వేస్తాడు. పనిలో తేడా లేదు. అతన్ని చూసినవాళ్లు మనిషి గట్టివాడే అనుకుంటారు.

ఒక ఆదివారం పొద్దెక్కాక తవిటయ్య హార్బర్ నుంచి కానాగంత చేపలు తెచ్చిచ్చాడు. రోజారమణి అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. గురునాథరావు చేపలు కడుగుతున్నాడు. కత్తిపీట ముందు ఆమెను కూర్చోనివ్వడం మానేసి చాలా కాలమైంది. వెల్లుల్లి పళ్లెం మెట్ల మీంచి దొర్లిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి ఆమె మెడ ఒక పక్కకి తిరిగిపోతోంది.

చేపల చేతులతోనే పట్టుకుని కింద పడుకోబెట్టి, పక్కకి తిప్పాడు. తల కింద తువ్వాలు పెట్టాడు. గుమ్మంలోంచి గోడ గడియారం కనబడుతోంది. సన్యాసమ్మ ఎదురింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, చేతిలో అట్లకాడ.

"ఒరే గురునాదం, సూత్తన్నావేట్రా! తాళాలేవిరా? సేతిలో ఎట్టు!"

"వొద్దు పిన్నీ."

"వొద్దేటి? నీకు మతుండే మాటాడతన్నావా?"

"జరుగు! గడియారం కనబడ్డం నేదు!" అని అరిచాడు. ఆ సందులో అతను అలా అరవగా ఎవరూ వినలేదు. ఆవిడ జరిగింది.

అతని కళ్లు ముల్లు మీద ఉన్నాయి, ఒక చెయ్యి ఆమె భుజం మీద, ఇంకో చెయ్యి జేబు మీద. ఒక నిమిషం అయింది. ఈ పాటికి ఆగేదే. ఆగలేదు. ఆమె గుప్పెట మూసుకుని తెరుచుకుని మూసుకుంటోంది, దేన్నో వెతుకుతున్నట్టే ఉంది. అది చూడలేకపోయాడు. ఈసారి మతి పోతే అందులోంచి తను కూడా పోతాడు. తగరపువలస, గాజుల బేరం, చీకట్లోంచి లాగిన చెయ్యి, ఆ కొంచెమే మిగిలింది ఇద్దరికీ. ముల్లు రెండు దాటింది. స్ప్రే తీసి, మూత లాగి, డాక్టరు చూపించినట్టే ముక్కులో కొట్టాడు.

సన్యాసమ్మ దేవుళ్ల పేర్లు చదువుతోంది. చేపల నీళ్లు మెట్ల మీంచి కారుతున్నాయి. కుదుపులు మెల్లమెల్లగా దూరమయ్యాయి, చిన్నవయ్యాయి, ఆగిపోయాయి. ఊపిరి బరువుగా, గురకలా వచ్చింది. అతను గడియారంకేసి చూస్తూనే ఉన్నాడు, ఇక చూడనక్కర్లేదని తెలిసేదాకా.

ఆమె కళ్లు తెరవడానికి చాలాసేపు పట్టింది. ముందు గుప్పెట చూసుకుంది. వేళ్లు విప్పి, అరచెయ్యి అటూ ఇటూ తిప్పింది. తరవాత అతన్ని చూసింది. గుర్తుపడుతుందా అని గురునాథరావు ఆమె మొహం మీదకి వంగాడు.

"బావా" అంది.

అతను తలూపాడు.

"తాళంసెవి ఏదీ?"

అతను స్ప్రేని జేబులోకి తోశాడు.

"సేతిలో ఎట్టనేదేటి? మర్సిపోనావా?"

చెప్పడానికి చాలా ఉంది. అటక, డబ్బా, ఇత్తడి, ఇనుము. చెప్తే ఆమె వింటుంది, క్షమిస్తుంది కూడా, రేపటికి అదేమీ గుర్తుండదు.

"మర్సిపోనాను" అన్నాడు.

రోజారమణి నీరసంగా చెయ్యి చాచి, చేప పొలుసు అంటుకున్న అతని చేతిని అందుకుంది. మొగుడి మీద జాలిపడ్డట్టు చూసింది.

"పర్లేదులే. నీకు మతిమరుపు ఎక్కువైపోతంది బావా. ఓసారి డాక్టరుకి సూపించుకో."

"సూపించుకుంటానే" అన్నాడు గురునాథరావు. ఆమె వేళ్లు అతని బొటనవేలి చుట్టూ బిగుసుకున్నాయి. ఆ చేతి వేడి అతనికి తెలిసింది. కార్తీకం నుంచి రాని ఏడుపు అరుగు మీద, సన్యాసమ్మ ముందు, చేపల గిన్నె పక్కన వచ్చేసింది. ఆమె నిద్రలోకి జారుకునేదాకా అతను ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.